చేతి కొసన చరిత్ర – 6: ముల్లు, ముక్కు వెంట్రుక, ముక్కుపుడక

పోయిన భాగంలో గిద్దలూరు దగ్గర ఆగాం. నల్లమల చుట్టుపక్కల దొరికిన రాతి పనిముట్లను 1930లో కమియాడ్, బర్కిట్ నాలుగు వరసలుగా పేర్చిన తీరు, ఆ తర్వాత 1952లో కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు ప్రాంతం గురించి ప్రకటించిన సంగతులు చెప్పుకున్నాం. నాలుగో వరసలోని రాతి పెళ్లలు గోరంత ఉంటాయి. ఒట్టి వేళ్లతో పట్టుకుని కోయబోతే మాంసం కన్నా ముందు వేళ్లే తెగుతాయి. అందుకని ఎముకకో కర్రకో గాడి తీసి, బంక పెట్టి, ఆ పెళ్లల్ని వరసగా బిగించారు. చిన్న వస్తువును పట్టుకోవడానికి మనిషికి తట్టిన మొదటి ఉపాయం అది. అతికించేస్తే ఇక జారదు. రెండో ఉపాయం తట్టడానికి చాలా కాలం పట్టింది. గట్టిగా పట్టుకోవాలి, పని కాగానే వదిలెయ్యాలి. ఈ భాగం దాని కథ.

కథకు చోటు తర్లుపాడు. గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలుమార్గంలో మార్కాపురం రోడ్డుకూ కంభానికీ నడుమ వచ్చే స్టేషను. పడమటి వానల్ని నల్లమల కొండలే తాగేస్తాయి, ఇటు పక్కకు మిగిలేది కొసరు. కంభం చెరువు కింద నీళ్లున్న రైతుల మాట వేరు. తక్కినదంతా మెట్ట. సజ్జ, కొర్ర, కంది, ఆముదం. చేను, కొండ, గొర్రెల మంద, వీటి మధ్య మనిషి కాలికి నిత్యం ఎదురయ్యేది ముల్లు. నేల మీద పల్లేరు, గట్టు మీద రేగు, వాగు ఒడ్డున తుమ్మ. అది చాలదన్నట్టు మనిషే ముళ్లను కొట్టుకొచ్చి ఊళ్లో పెట్టుకునేవాడు. దొడ్డికి కంప, చేను చుట్టూ కంప, కల్లానికి కంప. గొర్రెను కాపాడిన కంపే గొర్రెల కాపరి కాలు పట్టేది.

కాలికి చెప్పు అందరికీ ఉండేది కాదు. కిర్రుచెప్పులు తొడిగి నడిచే ఆసామి ఊళ్లో ఎవరో చెప్పు చప్పుడును బట్టే తెలిసేది. మిగతావాళ్లది వట్టి కాలు. అరికాలు ఎంత కాయకాసినా తుమ్మముల్లు దిగకుండా ఆగదు. దిగిన ముల్లు ఊరికే వచ్చేస్తే ఏ బాధా లేదు. మొన లోపల విరిగితేనే అసలు గొడవ. నాలుగు రోజులకు చీము, వారానికి వాపు. విత్తనం వేసే అదనులో రైతు కుంటుతూ మంచం మీద కూర్చుంటే ఆ ఏడు పంట సగం పోయినట్టే. నేల పదును కాలు మానేదాకా ఆగదు కదా. చిన్న ముల్లు అని మనం అనుకుంటున్నది అప్పటి ఇంటి లెక్కల్లో చిన్నది కాదు.

ఇంటి వైద్యం ఏమిటంటే జిల్లేడుపాలు. ముల్లు దిగినచోట నాలుగు చుక్కలు వేసి, చర్మం మెత్తబడి మొన పైకి తేలేదాకా చూడటం. ఓపిక లేనివాళ్లు ఇంకో ముల్లుతో కెలికేవాళ్లు. ముల్లును ముల్లుతోనే తియ్యాలన్న సామెత మనకు నీతిగా వినిపిస్తుంది గాని, నాకు మాత్రం అది చేతిలో సరైన పనిముట్టు లేనివాడి మాటలాగే తోస్తుంది. రెండో ముల్లు దారి తవ్వగలదు, మొదటి ముల్లును పట్టుకోలేదు. పట్టుకోవడానికి రెండు కొసలు కావాలి. ఆ రెండూ ఒకేసారి, ఒకే చోట కలవాలి. ముల్లు ఏ వాలులో దిగిందో ఆ వాలులోనే వెనక్కి లాగాలి. శ్రావణం చేసే పని ఇదే. పెద్ద పట్టకారు కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన గడ్డపారను పట్టుకుంటే, దాని చిట్టి చెల్లెలు శ్రావణం తల వెంట్రుకంత దాన్ని పట్టుకుంటుంది.

ఇది మన ప్రాంతంలో మొదట ఎవరు చేశారన్న దానికి మట్టి సాక్ష్యం దొరకడం కష్టం. సన్నని ఇనప రేకు రెండు వేల ఏళ్లు నేలలో ఉంటే మిగిలేది తుప్పు మరక. రాగి, కంచు అయితే నిలుస్తాయి. అందుకే ఈ దేశంలో మనకు తెలిసిన పాత శ్రావణాలు హరప్పావి. అక్కడ ఒక ముచ్చటైన కూర్పు దొరికింది. చెవిలో గుబిలి తీసే పుల్ల, గుచ్చే సూది, పట్టుకునే శ్రావణం, మూడూ కలిపి ఒకే గుత్తిగా. అలాంటి గుత్తులే మెసొపొటేమియాలోని ఊర్, కిష్ నగరాల్లోనూ దొరికాయి. నాలుగున్నర వేల ఏళ్ల కిందట సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా షోకిలాల నడుముకు ఒకే రకం గుత్తి వేలాడిందన్నమాట.

చేసే పద్ధతి చూడటానికి సులువు. ఒక రేకును నడుమ మడిచి రెండు కొసలూ ఎదురెదురుగా తెస్తే చాలు. కష్టమంతా ఆ మడతలో ఉంది. రేకు మెత్తనైతే నొక్కినచోటే ఉండిపోతుంది, మళ్లీ తెరుచుకోదు. మరీ పెళుసైతే విరుగుతుంది. రాగినీ కంచునీ సుత్తితో చల్లగా కొట్టీ కొట్టీ బిగువు తేవాలి. ఇనుమును అదునుగా కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ కాస్త వేడి చూపి దారికి తేవాలి. నాగలికర్రు చేసే కమ్మరికి ఇనుము గట్టిపడితే చాలు. శ్రావణం చేసేవాడికి అది వంగాలి, వంగి మళ్లీ లేవాలి.

ఇక ముక్కు సంగతి. తర్లుపాడుకు తూర్పున, దొనకొండ దగ్గర, గుండ్లకమ్మ పరీవాహకంలో చందవరం ఉంది. అక్కడి గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1964లో వేలూరి వెంకటకృష్ణశాస్త్రి వెలుగులోకి తెచ్చారు. శాతవాహనుల కాలంలో ఆ గుట్ట మీద భిక్షువులు మసలారు. భిక్షువు దగ్గర ఏ వస్తువు ఉండొచ్చు, ఏది ఉండకూడదు అన్న దానికి వినయపిటకంలో సూది దగ్గర నుంచి లెక్క ఉంది. అందులోని చుల్లవగ్గంలో ఒక సంఘటన వస్తుంది. కొందరు భిక్షువుల ముక్కుల్లోంచి వెంట్రుకలు బయటికి పెరిగాయి. చూసిన జనం వీళ్లేమిటి దయ్యాల్లాగా ఉన్నారని ఈసడించుకున్నారు. సరే తీయించుకుందామని భిక్షువులు గులకరాళ్లతో, తేనెమైనంతో లాగించుకుంటే ముక్కులు పుండ్లయ్యాయి. అప్పుడు బుద్ధుడు శ్రావణం వాడుకోవచ్చని అనుమతించాడు. పాళీలో దాని పేరు సండాసం.

అనుమతి ఇవ్వగానే దాన్ని సాగదీసేవాళ్లు ఉండనే ఉంటారు. ఎప్పుడూ ఏదో ఒక తుంటరి పని చేస్తూ వినయపిటకమంతటా కనబడే ఆరుగురు భిక్షువుల జట్టు ఒకటుంది. వాళ్లు నెరిసిన వెంట్రుకలు కూడా పీకించుకోవడం మొదలుపెట్టారు. సంసారుల్లా ఏమిటీ సోకులు అని మళ్లీ జనం గొణిగారు. నెరిసిన వెంట్రుకల మీద నిషేధం వచ్చింది. ముక్కు వెంట్రుకలకు మాత్రం అనుమతి ఉండిపోయింది. గుబిలిపుల్లకూ ఇలాగే. ఉంచుకోవచ్చు, బంగారంతోనో వెండితోనో చేయించుకోకూడదు. ఎముక, కొమ్ము, వెదురు, కర్ర, రాగి, శంఖం అయితే ఫరవాలేదు. ఇంత చిన్న వస్తువు మీద ఇంత కచ్చితమైన నియమం ఉన్నదంటే అది వాడుకలో బాగా నలిగిన వస్తువే అయ్యుండాలి. ఇదే కాలంలో జైన మునులు తల వెంట్రుకల్ని ఏ పనిముట్టూ లేకుండా చేత్తోనే పీక్కునేవారు. నొప్పిని తగ్గించుకోకపోవడమే అక్కడ వ్రతం. బౌద్ధుడి శ్రావణం మధ్యేమార్గం కొసన ఉన్న రెండు ఇనప మొనలనుకోవచ్చు.

నల్లమల ఉత్తరపు కొసకు, కృష్ణ ఒడ్డుకు పోతే నాగార్జునకొండ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అది. ఆనకట్ట నీళ్లలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి ఎత్తారు. ఆ తవ్వకాల్లో మన కథకు పనికొచ్చేవి రెండు బయటపడ్డాయి. ఒకటి, స్వర్ణకారుడిదని గుర్తుపట్టిన ఇల్లు. మూస, గీటురాయి, నగల అచ్చులు అక్కడ దొరికాయి. రెండోది, జ్వరం తగ్గినవాళ్లు ఉండే చోటును సూచించే విగతజ్వరాలయం అన్న మాట ఉన్న శాసనం. వైద్యమూ బంగారుపనీ ఒకే ఊళ్లో నడిచాయి. శ్రావణం రెండిళ్లలోనూ అక్కరకొచ్చే వస్తువు.

వైద్యుల పుస్తకం తెరుద్దాం. సుశ్రుతసంహితను తిరగరాసి చక్కదిద్దినవాడు నాగార్జునుడని పన్నెండో శతాబ్దపు వ్యాఖ్యాత డల్హణుడు చెప్పాడు. ఏ నాగార్జునుడన్న తగవు ఇంకా తెగలేదు. మనవాడే అని పట్టుబట్టడం నాకిష్టం లేదు. పుస్తకంలో ఉన్నదే చాలినంత గొప్పది. సుశ్రుతుడు 101 యంత్రాలు చెప్పాడు. వాటిలో శరీరంలో దిగిన దాన్ని పట్టి లాగేవి పెద్ద కుటుంబం. ఎముకలో నాటుకున్న బాణపు ములుకుల్లాంటి వాటికి స్వస్తిక యంత్రాలు 24. పద్దెనిమిది వేళ్ల వెడల్పంత పొడుగు, రెండు కాళ్లను కలిపేచోట మసూరపప్పు బద్దంత మేకు, పిడి కొస అంకుశంలా లోపలికి వంపు. వాటి మూతులు జంతువుల, పక్షుల మూతులు: సింహం, పులి, ఎలుగు, కాకి, డేగ, గద్ద. అన్నిటికన్నా మేలైనది కొంగ మూతిదట. సులువుగా లోపలికి పోతుంది, తిరుగుతుంది, గట్టిగా పట్టి బయటికి తెస్తుంది. చెరువు గట్టున కొంగ చేపను అందుకోవడం చూసినవాడికి ఇందులో అనుమానం ఉండదు.

చర్మం, మాంసం, నరాల్లో ఉన్నవాటికి సందంశ యంత్రాలు రెండు రకాలు, బిగింపు ఉన్నదీ లేనిదీ. ఇవి పదహారు వేళ్ల వెడల్పంత పొడుగు. మన ముల్లుకు ఇదీ పెద్దదే. సుశ్రుతుడి తర్వాత వచ్చిన వాగ్భటుడు ఆరు వేళ్ల సందంశం ఒకటి చెప్పాడు. సన్నని ముళ్లకూ కంటి రెప్పలో అడ్డదిడ్డంగా మొలిచి గుడ్డును గీరే వెంట్రుకలకూ అని ఉపయోగం కూడా రాశాడు. తర్లుపాడు రైతు కాలికి సరిపోయే పనిముట్టు సంస్కృత గ్రంథంలోకి ఎక్కింది అప్పుడే.

సుశ్రుతుడి పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు పొగడ్తలున్నది కాదు, తిట్లున్నది. యంత్రానికి పన్నెండు దోషాలు చెప్పాడు. మరీ లావు, మరీ పొడుగు, మరీ పొట్టి, వంకర, పట్టలేనిది, ఎగుడుదిగుడుగా పట్టేది, వదులైనది, మేకు మెత్తనిది, మూతి మెత్తనిది... ఇవి చదువుతుంటే ఎవరో కమ్మరి మీద విసుక్కుంటున్న వైద్యుడి గొంతు వినిపిస్తుంది. ఇవాళ సంతలో పది రూపాయల శ్రావణం కొని, కొసలు కలవక విసిరేసినవాళ్లకు ఆ విసుగు తెలుసు. ఇన్ని చెప్పి కూడా, యంత్రాలన్నిటిలోకీ ముఖ్యమైనది చెయ్యేనన్నాడు. చెయ్యి లేనిదే ఏ యంత్రమూ కదలదు గదా.

కంసాలి ఇంట శ్రావణం బతుకు వేరు. కుంపటి ముందు కూర్చుని, నోట్లో ఊదుగొట్టం, ఒక చేత్తో దాన్ని నిలబెట్టి, రెండో చేతి శ్రావణంతో ఆవగింజంత టంకాన్ని వెలిగారం తడిపిన చోట పెట్టాలి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే ముక్కుపుడక కరిగి గుండు అవుతుంది. తూకం గురిగింజల్లో, పని వెంట్రుకవాసిలో. అయితే ఈ శ్రావణాన్ని నమ్మనివాడొకడున్నాడు, కౌటిల్యుడు. అర్థశాస్త్రంలో బంగారం కాజేసే మార్గాల చిట్టాలో దొంగ మూస, గొట్టం, ఉప్పులతో పాటు సందంశాన్ని కూడా చేర్చాడు. వెలుగులో అందరి ముందూ పట్టుకునే వస్తువే దొంగతనానికి దారి అన్నమాట. నగ చేయించుకునేవాళ్లు కుంపటి ఎదురుగా పూటంతా కూర్చుని కాపలా కాసే అలవాటుకు ఈ అనుమానమే తల్లి. కంసాలి మీద పుట్టిన సామెతల్లో న్యాయం ఎంతో నాకు సందేహమే. బంగారం తనది కానివాడు రోజంతా ఒకరి చూపుల కింద పని చేయడం ఏమంత తేలిక?

పుస్తకాల్లో వైద్యుడి పేరుంది, రాజనీతిలో కంసాలి పేరుంది. ఊళ్లో ముల్లు తీసింది మాత్రం ఈ ఇద్దరూ కాదు. మంగలి. ఆయన పొదిలో కత్తి, కత్తెర, సానరాయి, అద్దం, గోళ్లు తీసే ఉలి, గుబిలిపుల్ల, వాటి పక్కనే శ్రావణం. హరప్పా గుత్తికి సొంత వారసుడు ఆ పొదే. ఊరి ఆయగాండ్రలో ఆయనొకరు. డబ్బు కాదు, కల్లం దగ్గర కొలిచే గింజలు ఆయన కూలి. గడ్డం గీసినా, కురుపు కోసినా, పిల్లవాడి ముక్కులో ఇరుక్కున్న చింతగింజ లాగినా విడిగా లెక్క లేదు. 1909లో వెలువడిన దక్షిణదేశపు కులాల గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ కూడా మంగళ్లలో వైద్యం, శస్త్రం తెలిసినవాళ్లు ఉన్నారని, వాళ్ల ఆడవాళ్లు మంత్రసానులని రాశాడు. పెళ్లిలో సన్నాయి వాయించేదీ ఆ ఇంటివాళ్లే.

గడప దగ్గర మాత్రం ఆయన నిలబడే చోటు వేరు. నాడి పట్టే వైద్యుడు అరుగెక్కి కూర్చుంటాడు, చీము తుడిచే మంగలి కింద నిలబడతాడు. నెత్తురు తాకడం మైలైనప్పుడు శస్త్రం తెలిసిన చెయ్యి మెట్టు దిగక తప్పలేదు. సుశ్రుతుడు చెయ్యే ముఖ్యమన్న దేశంలో కాలక్రమాన ఆ చేతికి గ్రంథం దూరమైంది, గ్రంథానికి చెయ్యి దూరమైంది. ఐరోపాలోనూ క్షురకులే శస్త్రవైద్యులుగా చాలాకాలం బతికారు. అక్కడ ఆ రెండు దారులూ తర్వాత వైద్య కళాశాలలో కలిశాయి. ఇక్కడ 1835లో మద్రాసులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు పొది పట్టుకున్నవాడిని పిలిచి అక్కడ కూర్చోబెట్టలేదు.

ఇంతలో ముల్లు తన బలం పెంచుకుంది. మార్కాపురం, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఇవి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లాలోకి వచ్చింది 1970లో. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని కాల్చేసిన ధాత కరువులో కర్నూలు జిల్లా బాగా దెబ్బతిన్నది. వాన లేని నేలలో వంటచెరకు ఎక్కడి నుంచి తేవాలన్న ఆలోచన దొరలకు అంతకు ముందే మొదలైంది. మద్రాసు అటవీ శాఖలోని రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1876లో అమెరికా ఖండపు ముళ్లచెట్టు విత్తనాలు కావాలని ప్రభుత్వానికి రాశాడు. తొలి మొక్కలు నాటింది మన పక్కనే, కడప జిల్లా కమలాపురంలో. దాన్నే ఇవాళ మనం సర్కారు తుమ్మ అంటాం, చిల్లకంప అంటాం. నీరు అడగదు, మేక మేసినా చావదు, కాయ తిన్న పశువు పేడలోంచి కూడా మొలుస్తుంది. పొయ్యికి కట్టె దొరికింది, బొగ్గుబట్టీకి పని దొరికింది. కాలికి మాత్రం పాత తుమ్మముల్లే నయమనిపించింది. చిల్లముల్లు రబ్బరు చెప్పులోంచి కూడా దూరి దిగుతుంది, దిగినచోట వాపు ఊరికే తగ్గదు. ముళ్లు పెరిగిన రోజుల్లోనే ముల్లు తీసే శ్రావణం ఊళ్లలో పలచబడింది. ఎందుకని?

కారణం రైలెక్కి వచ్చింది. కరువుకాలంలో గింజలు చేరవేయడానికి దారి లేక జనం చచ్చారన్న పాఠం తర్వాత గుంతకల్లు నుంచి బెజవాడకు బళ్లారి–కృష్ణా మార్గం పేరుతో మీటరుగేజీ పట్టాలు వేశారు. 1880ల చివర నల్లమల కనుమ దాటి ఆ పట్టాలు గిద్దలూరు, కంభం, తర్లుపాడు మీదుగా పోయాయి. ఆ బళ్లలో కిరోసిన్ డబ్బాలు, అగ్గిపెట్టెలు, మిల్లు గుడ్డలు దిగాయి. వాటి మధ్య ఎవరూ పట్టించుకోని ఒక చిన్న అట్ట. దానికి గుచ్చిన పిన్నీసులు. న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన 1849లో పేటెంటు తీసుకుని, దాన్ని 400 డాలర్లకు అమ్మేసుకున్న వస్తువది.

పిన్నీసు దేన్నీ పట్టి లాగదు. శ్రావణం పని దానికి రాదు. అయినా గెలిచింది. అణా పైసలకు దొరకడం ఒక కారణం. కమ్మరి దగ్గరికి పోనక్కర్లేదు, మంగలి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద కారణం అది అమ్మ గాజులకూ తాళికీ వేలాడుతూ ఎప్పుడూ చేతికందేలా ఉండటం. ముల్లు దిగిన పిల్లవాడు ఏడుస్తూ ఇంటికొస్తే, దీపం మంటకు పిన్నీసు మొన చూపించి, చర్మాన్ని చుట్టూ కెలికి, చివరికి గోళ్లతో మొన పట్టి లాగే విద్య ప్రతి ఇంటికీ వచ్చేసింది. కెలకడం పిన్నీసుది, పట్టడం గోళ్లది. రెండూ కలిస్తే శ్రావణం పనిలో ముప్పాతిక జరిగిపోతుంది. మిగిలిన పాతికకే చీము పట్టేది, ఆ తర్వాత ఆసుపత్రికి పోవాల్సి వచ్చేది. పొదిలోని శ్రావణం క్రమంగా మీసాలు సరిచేసే పనికి మిగిలింది. కంసాలి మాత్రం వదల్లేదు. పిన్నీసుతో టంకం పెట్టడం ఎవరి తరమూ కాదు. ఇవాళ ఆయన చేతిలో ఉన్నది విదేశీ ఉక్కుది కావచ్చు, కొసలు తనకు కావలసినట్టు సానరాయి మీద అరగదీసుకునే అలవాటు మాత్రం పాతదే.

అదే రైలు తర్లుపాడు మీదుగా బయటికి మోసుకుపోయినవీ ఉన్నాయి. మార్కాపురం నేలలో పొరలు పొరలుగా ఉన్న నల్లరాయి దేశమంతటి బడిపిల్లల చంకలో పలకై కూర్చుంది. ఆ రాతి పొరల్ని విరగకుండా విడదీసే ఉలి ఎలాంటిది? గనిలో ఎగిరిన రాతిదుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లో చేరింది? అరిగి అరిగి గోరంత మిగిలిన బలపాన్ని పిల్లల వేళ్లు ఎలా పట్టుకున్నాయి? నోటుపుస్తకంతో పలక చేసిన పోరులో ఎవరు ఎందుకు ఓడిపోయారు? వచ్చే భాగం మార్కాపురం పలకది.